బండి నీడలో, డిష్ ఎండలో: క్యారవాన్ టూర్లలో టీవీ గురించి మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే గొడవ. టెంపో ట్రావెలర్లు, పాత మినీ బస్సులు కొని లోపల మంచాలు, స్టవ్వు, నీళ్ల ట్యాంకు పెట్టించుకుని క్యారవాన్ మాదిరి తిరిగేవాళ్లు మన తిరుపతి, చిత్తూరు వైపు బాగా కనపడుతున్నారు, వాళ్లందరికీ సాయంత్రం బండి ఆపినాక టీవీ కావాలంట. ఫోన్లో చూసుకోవచ్చు కదా అంటే, అడివిలో ఆపుకుంటే టవర్ ఎక్కడుంటుంది సార్ అంటున్నారు, అదీ నిజమే. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం డిష్ స్టాండుకే ఇచ్చేశాం. పేర్లు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఊరు మాత్రం వేస్తున్నాం.

ప్రశ్న (చిత్తూరు): టెంపో ట్రావెలర్‌ని క్యారవాన్‌గా మార్పించుకున్నాం. దసరా సెలవుల్లో తలకోన, హార్స్‌లీ హిల్స్, తర్వాత అరకు దాకా ప్లాన్. ఇంట్లో దూరదర్శన్ వాళ్ల ఫ్రీ డిష్ బాక్సు, 60 సెంటీమీటర్ల డిష్ ఖాళీగా ఉన్నాయి. మా బావమరిది బండి టాపు మీదే బోల్టులేసి బిగించేద్దాం అంటాడు, మా నాన్న వద్దు కింద స్టాండు పెట్టు అంటాడు. ఎవరి మాట వినాలి సార్?

జవాబు: నాన్న మాటే వినండి. మీ బావమరిది చెప్పేది చూడ్డానికి బాగుంటుంది, దిగంగానే టీవీ వేసుకోవచ్చు అనిపిస్తుంది, కానీ బండి టాపు అనేది కదలని చోటు కాదు. కింద స్ప్రింగులుంటాయి, టైర్లుంటాయి, లోపల ఒకరు లేచి నడిచినా బండి రవ్వంత ఊగుతుంది. 60 సెంటీమీటర్ల డిష్ చూపు మొత్తం కలిపి 3 డిగ్రీలే, అంటే నడిమధ్య నుంచి ఒకటిన్నర డిగ్రీ పక్కకి పోతే సిగ్నల్ సగం అయిపోతుంది. పిల్లోళ్లు మంచం మీద ఎగిరితే బొమ్మ పోతుంది, మళ్లీ టాపెక్కాల్సింది మీరే.

దానికంటే పెద్ద సంగతి నీడ. మన ఎండలకి బండిని చింతచెట్టు కిందో మర్రిచెట్టు కిందో పెట్టకపోతే లోపల కూర్చోలేం కదా, డిష్‌కేమో పైన ఆకు కూడా అడ్డం ఉండకూడదు. టాపు మీద బిగిస్తే ఈ రెండూ కుదరవు. కింద స్టాండైతే బండి నీడలో ఉంటుంది, డిష్‌ని పది పదిహేను మీటర్ల అవతల ఎండలో పెట్టి కేబుల్ లాక్కుంటారు. అమెరికాలో ఆర్‌వీలు అని పెద్ద పెద్ద బండ్లలో తిరిగేవాళ్లు కూడా, టాపు మీద లేచే డిష్ ఉన్నా సరే, మూడు కాళ్ల స్టాండు ఒకటి వెంట పెట్టుకునేది ఇందుకే.

ఇంకోటి, టాపుకి రంధ్రాలేసి పర్మనెంటుగా ఏదైనా బిగించాలంటే మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ఉంది, బండిని కంపెనీ ఇచ్చిన రూపం నుంచి ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని. క్యారవాన్‌గా మార్పించినప్పుడు మీ కాగితాల్లో ఏముందో చూసుకోండి. విడదీసే స్టాండు అయితే అది సామాను కిందే లెక్క, ఈ తలనొప్పి లేదు. వాన పడితే ఆ బోల్టుల దగ్గర కారడం వేరే కథ.

స్టాండు ఎట్లుండాలంటే, ఎత్తు అక్కర్లేదు. ఇది చాలామందికి నమ్మబుద్ధి కాదు, ఎత్తులో పెడితే సిగ్నల్ బాగా వస్తుందనుకుంటారు, అది పాత దూరదర్శన్ యాంటెన్నా రోజుల అలవాటు. శాటిలైట్ ఉండేది భూమధ్యరేఖకు పైన దాదాపు 36 వేల కిలోమీటర్ల దూరంలో, మీరు మూడడుగులు పైకి లేపితే దానికేం తేడా. నిలువు పైపు మూడడుగులు చాలు, కాళ్లు మాత్రం మూడున్నర నాలుగడుగుల వెడల్పు పరుచుకోవాలి. మీ డిష్ వెనక క్లాంపు ఏ సైజు పైపుకి పడుతుందో కొలుచుకుని, ఆ పైపు ముక్క పట్టుకుని ఏ వెల్డింగ్ షాపుకెళ్లినా చేసిస్తారు. కాళ్లు మడిచేటట్టు బోల్టు, రెక్కల నట్టు పెట్టించండి, స్పానర్ వెతుక్కునే పని ఉండదు. పైపు సన్నంగా ఉండి గాలికి వణికితే దండగ, మందం పైపే అడగండి.

ప్రశ్న (తిరుపతి, కొర్లగుంట): స్టాండు చేయించినా. మిద్దె మీద ట్రయల్ వేసినా. ఫోన్లో కంపాస్ పెట్టుకుని ఆగ్నేయానికి తిప్పినా, స్ట్రెంగ్త్ 80 చూపిస్తుంది, క్వాలిటీ మాత్రం సున్నా. రెండు సాయంత్రాలు పోయినాయి. ఎల్ఎన్‌బీ కాలిపోయిందా అన్నా?

జవాబు: ఎల్ఎన్‌బీ, అంటే డిష్ ముందు కడ్డీ చివర సిగ్నల్ పట్టుకునే ఆ చిన్న డబ్బా, బాగానే ఉన్నట్టుంది తమ్ముడూ. స్ట్రెంగ్త్ అనేది కేబుల్ తగిలిందీ, ఎల్ఎన్‌బీకి కరెంటు పోయిందీ అని చెప్పే గీత మాత్రమే, డిష్‌ని గోడకేసి తిప్పినా అది కనిపిస్తుంది. మనకి కావాల్సింది క్వాలిటీ. ఆ స్ట్రెంగ్త్ గీత వైపు చూడటం మానేయండి.

మొదట పైపు నిలువుగా ఉందా లేదా. తొంభై పాళ్లు ఇక్కడే చెడుతుంది. మేస్త్రీల దగ్గరుండే రసమట్టం చిన్నది ఒకటి కొనుక్కుని పైపుకి ఒక పక్క ఆనించి చూడండి, తర్వాత పావు వంతు పక్కకి తిరిగి మళ్లీ చూడండి, రెండు పక్కలా బుడగ మధ్యలో ఉండాలి. ఉట్టి కంటితో చూసి సరిగ్గానే ఉంది అనుకోవద్దు, నేల వాలుగా ఉంటే కన్ను మోసపోతుంది. పైపు వంగి ఉంటే ఏమవుతుందంటే, మీరు డిష్‌ని పక్కకి తిప్పేకొద్దీ దాని ఎత్తు కూడా, అంటే ఎంత పైకి చూస్తుందో ఆ కోణం, మీకు తెలీకుండా మారిపోతుంటుంది, అప్పుడు మీరు శాటిలైట్‌కి పైనుంచో కిందనుంచో దాటుకుంటా పోతారు గానీ దాన్ని తాకరు. పైపు నిలువుగా ఉంటే ఒకసారి ఎత్తు పెట్టేసి, తర్వాత కుడి ఎడమ తిప్పితే చాలు, ఎప్పుడో ఒకప్పుడు తగలాల్సిందే.

ఇంగ ఎత్తు. ఫ్రీ డిష్ వచ్చేది జీశాట్-15 నుంచి, 93.5 డిగ్రీల తూర్పులో ఉంటుంది. (మన పక్కనే శ్రీహరికోట ఉన్నా ఇది మాత్రం 2015 నవంబరులో ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి ఏరియన్-5 రాకెట్ మీద పోయింది, మూడు టన్నుల పైన బరువు కదా.) తిరుపతి నుంచి చూస్తే దాని దిక్కు ఉత్తరం నుంచి లెక్కపెడితే 133 డిగ్రీలు, అంటే దాదాపు సరిగ్గా ఆగ్నేయ మూల, వాస్తులో వంటిల్లు పెట్టే మూల అనుకోండి. ఎత్తు 67 డిగ్రీలు. అంటే బాగా పైన, తలెత్తి చూడాల్సినంత.

ఇక్కడే తికమక. 67 అన్నారు కదా అని డిష్‌ని ఆకాశానికేసి వెల్లకిలా పెట్టేస్తే తప్పు. మన ఇళ్ల మీదుండే డిష్‌లు ఆఫ్‌సెట్ డిష్‌లు, ఎల్ఎన్‌బీ కింద నుంచి చూస్తుంటుంది, అందువల్ల డిష్ మొహం చూసే వైపుకీ అసలు సిగ్నల్ వచ్చే వైపుకీ సుమారు 22 నుంచి 26 డిగ్రీల తేడా ఉంటుంది, డిష్‌ని బట్టి. కాబట్టి తిరుపతిలో మీ డిష్ మొహం నిట్టనిలువు నుంచి 43 డిగ్రీల దగ్గర్లో వెనక్కి వాలితే చాలు. వెనకాల బ్రాకెట్ మీద అంకెలుంటే 67 పెట్టండి, ఆ అంకెల్లో ఈ తేడా ముందే కలిపి ఉంటుంది. అంకెలు అరిగిపోయుంటే డిష్ పై అంచు నుంచి కింది అంచుకి ఒక తిన్నని చెక్క ఆనించి దాని మీద ఫోన్ పెట్టి వాలు చూపించే యాప్ తెరవండి, నేలతో 47 దగ్గర ఉంటే బాగా దగ్గరికొచ్చినట్టే.

మూడోది మీరు అసలు ముట్టుకోని సంగతి, ఎల్ఎన్‌బీ తిప్పు. ఢిల్లీ వైపు తీసిన వీడియో చూసి ఎల్ఎన్‌బీని తిన్నగా పెట్టి వదిలేస్తే మన దగ్గర పని జరగదు. మనం భూమధ్యరేఖకు దగ్గర, శాటిలైటేమో మనకి బాగా తూర్పున ఉంది, అందుకని సిగ్నల్ వాలుగా వస్తుంది. తిరుపతి దగ్గర లెక్కేస్తే ఆ వాలు 45 డిగ్రీల దాకా ఉంటుంది. నిలువు, అడ్డం అని రెండు రకాల సిగ్నల్స్ ఉంటాయి కదా, సరిగ్గా 45 దగ్గర ఎల్ఎన్‌బీకి ఏది నిలువో ఏది అడ్డమో తెలీకుండా రెండూ కలిసిపోతాయి. డిష్ సరిగ్గా శాటిలైట్ వైపే ఉన్నా క్వాలిటీ సున్నా చూపించేది ఇందుకే. పట్టీ లూజు చేసి ఒక పక్కకి ఎనిమిదో వంతు చుట్టు తిప్పి వెతకండి, రాకపోతే రెండో పక్కకి తిప్పి మళ్లీ వెతకండి. పొరపాటు పక్కకి తిప్పితే నిలువు అడ్డం తారుమారై ఏమీ రాదు, అదొక గుర్తు.

వెతికేటప్పుడు బాక్సులో ఎల్ఎన్‌బీ ఫ్రీక్వెన్సీ 9750/10600, ట్రాన్స్‌పాండర్ 11090, వర్టికల్, సింబల్ రేటు 29500 పెట్టుకుని ఆ క్వాలిటీ గీత తెరిచి ఉంచండి. డిష్‌ని వేలెడు కదపండి, రెండు మూడు సెకన్లు ఆగండి, మళ్లీ వేలెడు. గబగబా తిప్పితే బాక్సు పట్టుకునేలోపు మీరు దాటిపోతారు. కంపాస్ చూసేటప్పుడు బండికి, స్టాండుకి ఐదారడుగులు దూరంగా నిలబడి చూడండి, ఇనుము పక్కన ఫోన్ కంపాస్ ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది. అసలు ఉత్తరానికీ కంపాస్ ఉత్తరానికీ మన ప్రాంతంలో తేడా ఒకటి రెండు డిగ్రీలకు మించదు, దాన్ని మర్చిపోవచ్చు.

పక్కనే 95 డిగ్రీల్లో డిష్ టీవీ శాటిలైట్ ఉంది, ఒకటిన్నర డిగ్రీ దూరమే, చిన్న డిష్‌తో దాని మీదికి జారిపోవడం తేలిక. క్వాలిటీ వచ్చినట్టే వచ్చి ఛానెళ్లు స్కాన్ చేస్తే అన్నీ లాక్ అయి ఉంటే మీరు పక్కింట్లో దూరినట్టు, డిష్‌ని రవ్వంత దక్షిణం వైపు జరపండి. అన్నీ కుదిరినాక పైపు మీద, బ్రాకెట్ మీద, ఎల్ఎన్‌బీ మెడ మీద పెయింటుతో గీతలు గీసి పెట్టుకోండి, ఈ చుట్టుపక్కల ఎక్కడ ఆపినా పది నిమిషాల పని అవుతుంది.

ప్రశ్న (మదనపల్లె): హార్స్‌లీ హిల్స్ మీద అన్నీ నీలగిరి చెట్లే. డిష్ ఎక్కడ పెట్టాలి? కొండ అడ్డమొస్తుందా?

జవాబు: కొండ గురించి దిగులొద్దు. 67 డిగ్రీల ఎత్తులో చూసే డిష్‌కి దూరంగా ఉండే కొండ అడ్డం రాదు. తిరుపతిలో కూడా చూడండి, తిరుమల కొండలు ఉత్తరం పక్క, డిష్ చూసేది ఆగ్నేయం, అలిపిరి దగ్గర ఆపుకున్నా ఇబ్బంది లేదు.

చెట్టుకైతే ఒక లెక్క పెట్టుకోండి. ఆగ్నేయం పక్కనుండే చెట్టు ఎంత ఎత్తుంటే అందులో సగం దూరం జరిగితే చాలు. 10 మీటర్ల చెట్టుకి అసలు లెక్క 4 మీటర్ల పైచిలుకు, 5 మీటర్లు అనుకుంటే కొమ్మ ఊగినా ఇబ్బంది లేదు. నీలగిరి చెట్లు 20 మీటర్లు 30 మీటర్లు లేస్తాయి కాబట్టి 15 మీటర్ల ఖాళీ చూసుకోండి. మిగతా మూడు పక్కల చెట్లున్నా పర్వాలేదు, నెత్తి మీదికి వాలకుండా ఉంటే చాలు. చల్లటి దేశాల వాళ్లకి ఈ సుఖం లేదు, సియాటిల్‌లో డిష్ నెట్‌వర్క్ వాళ్ల 119 డిగ్రీల శాటిలైట్ 35 డిగ్రీల ఎత్తులోనే కనిపిస్తుంది, అక్కడ ఎదురుగా వంద అడుగుల దూరంలో ఉన్న ఎత్తైన చెట్టు కూడా అడ్డమే. అందుకే వాళ్ల వీడియోల్లో చెట్ల గురించి అంత భయపెడతారు, మీరు అంత భయపడక్కర్లేదు. ఆకుల సందుల్లోంచి వస్తుందిలే అని మాత్రం అనుకోవద్దు, పల్చటి కొమ్మ కూడా ఈ సిగ్నల్‌ని తినేస్తుంది, తడిసిన ఆకులైతే ఇంకా.

తలకోనకైతే నా సలహా వేరే. అక్కడ లోపల చెట్ల గుబురు మధ్య డిష్ కోసం చోటు వెతుక్కుంటూ తిరిగే బదులు ఆ రాత్రికి టీవీ మానేయండి.

ప్రశ్న (పలమనేరు, రిటైర్డ్ టీచరమ్మ): మా అల్లుడు టెక్సాస్ నుంచి వస్తూ వాళ్ల ఆర్‌వీ మీదుండే గుండ్రటి డోమ్ యాంటెన్నా, ఒక ట్రైపాడ్ తెచ్చాడు. బటన్ నొక్కితే శాటిలైట్‌ని అదే వెతుక్కుంటుందంట. ఇక్కడ పనిచేస్తుందా?

జవాబు: డోమ్ పనిచేయదమ్మా, అల్లుడు గారి ప్రేమ ప్రేమే గానీ. ఆ డోమ్‌లో వెతికే బుద్ధి అంతా అమెరికా శాటిలైట్ల జాబితాతో నింపి ఉంటుంది, డిష్ నెట్‌వర్క్‌వి 110, 119, 129 డిగ్రీల పడమర, డైరెక్ట్ టీవీది 101 డిగ్రీల పడమర. ఇవన్నీ భూమికి అవతల పక్క, పలమనేరు నుంచి చూస్తే దిగంతానికి కిందే ఉంటాయి, అది ఎంతసేపు తిరిగినా దొరకవు. సరే మన శాటిలైట్ వైపు చేత్తో తిప్పుదాం అన్నా లోపల ఎల్ఎన్‌బీ తేడా. వాళ్లది 12.2 నుంచి 12.7 గిగాహెర్ట్జ్ మధ్యే పట్టుకుంటుంది, పైగా సిగ్నల్ మెలికలు తిరుగుతూ వచ్చే పద్ధతి, మనకి నిలువు అడ్డం పద్ధతి. ఫ్రీ డిష్ 11 గిగాహెర్ట్జ్ దగ్గర వస్తుంది, దానికి అది వినపడనే వినపడదు.

ట్రైపాడ్ మాత్రం బంగారం. దాన్ని వదలొద్దు. పైపు మన డిష్ క్లాంపులో పట్టనంత లావుగా ఉంటే లోపలికి ఇంకో పైపు ముక్క దూర్చి బోల్టు వేయించండి.

ప్రశ్న (శ్రీకాళహస్తి): నవంబర్లో పోదామనుకుంటున్నాం. గాలికి స్టాండు పడిపోదా? వానకి సిగ్నల్ పోతుందంటారు.

జవాబు: గాలికి పడుతుంది, కట్టకపోతే. 60 సెంటీమీటర్ల డిష్ మీద గంటకి 60 కిలోమీటర్ల గాలి కొడితే అయిదారు కిలోల తోపుడు ఉంటుంది, మూడడుగుల ఎత్తులో ఆ తోపుడు ఖాళీ స్టాండుని తేలిగ్గా పడేస్తుంది. గాలి రెట్టింపైతే తోపుడు నాలుగింతలు. అందుకని స్టాండు నడిమధ్య కొక్కెం పెట్టించి 20 లీటర్ల నీళ్ల క్యాను వేలాడదీయండి, ఎట్లాగూ బండిలో ఉంటుంది కదా, నేలకి ఆనీ ఆనకుండా ఉండాలి. మెత్తటి నేలైతే కాళ్లకి ఇనప గూటాలు కొట్టండి, మన చిత్తూరు వైపు చాలాచోట్ల అడుగు లోతులోనే రాయి తగులుతుంది, అక్కడ నీళ్ల క్యానే గతి. బంగాళాఖాతంలో వాయుగుండం అని రేడియోలో చెప్తే మాత్రం డిష్ విప్పి లోపల పెట్టుకుని కూర్చోండి, క్యాన్లు గీన్లు ఆగవు.

వానకి పోయేది నిజమే. ఈ డీటీహెచ్‌లన్నీ కేయూ బ్యాండ్, అంటే బాగా పొట్టి తరంగాలు, పెద్ద చినుకుల వాన ఆ సిగ్నల్‌ని పీల్చేస్తుంది. మనకి శాటిలైట్ బాగా పైన ఉండటంతో సిగ్నల్ వాన లోంచి వచ్చే దూరం తక్కువ, తుంపర్లకి పోదు, కుండపోతకి పోతుంది, మబ్బు జరిగితే వస్తుంది. అప్పుడు మాత్రం స్టాండు ముట్టుకోవద్దు. వానలో బొమ్మ పోయిందని డిష్ తిప్పేసి, తెరిపిచ్చినాక ఎందుకు రావట్లేదని ఫోన్ చేసేవాళ్లే ఎక్కువ.

ఎల్ఎన్‌బీ దగ్గర కేబుల్ కనెక్టర్‌కి రబ్బరు టోపీ వేసి, కేబుల్ కిందికి ఒక వంపు తిరిగి పైకి వచ్చేటట్టు కట్టండి, నీళ్లు ఆ వంపు దగ్గర కారిపోతాయి, లోపలికి పోవు. కేబుల్ ఆర్‌జీ 6 రాగిది, 15, 20 మీటర్ల వరకు సిగ్నల్ తగ్గిందని కూడా తెలీదు. తలుపు సందులో నలగనివ్వద్దు.

ప్రశ్న (పుత్తూరు): బండి ఆపేసినాక కరెంటు ఎట్ల? ఇన్వర్టర్ కొనాల్నా?

జవాబు: టీవీకోసమే అయితే అక్కర్లేదు. ఫ్రీ డిష్ బాక్సుల్లో చాలావాటికి 12 వోల్టుల అడాప్టరే ఉంటుంది, అడాప్టర్ మీద రాసింది చదవండి. 24 అంగుళాల టీవీల్లో కూడా 12 వోల్టులవి దొరుకుతాయి. బాక్సు, టీవీ కలిసి 40, 45 వాట్లు అనుకుంటే గంటకి మూడున్నర, నాలుగు ఆంపియర్లు, నాలుగు గంటలు చూసినా 100 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఆరో వంతు కూడా పోదు. ఇంజను స్టార్టయ్యే బ్యాటరీ నుంచి మాత్రం లాగొద్దు, లోపలి లైట్లకి వేరే బ్యాటరీ పెట్టించుంటారు కదా దాన్నుంచి తీసుకోండి. ఇంజను నడిచేటప్పుడు వోల్టేజి 14 దాటుతుంది, అందుకని మధ్యలో 12 వోల్టుల రెగ్యులేటర్ ఒకటి తప్పనిసరి. కేబుల్ బిగించేటప్పుడూ విప్పేటప్పుడూ బాక్సు ఆఫ్ చేయండి, ఆ కేబుల్లో ఎల్ఎన్‌బీ కోసం 13, 18 వోల్టులు పోతుంటాయి, నడిమి తీగ పక్కకి తగిలితే బాక్సు పోతుంది.

ప్రశ్న (నగరి): బండి నడుస్తుంటే చూడొచ్చా?

జవాబు: ఈ స్టాండుతో కుదరదు. ఓడల మీద ఉండేలాంటి, తనకు తానే తిరిగే యాంటెన్నా కావాలి, దాని ధర వింటే మీరు కిటికీలోంచి బయటికి చూస్తామంటారు.

ప్రశ్న (కుప్పం): మాకు ఇంట్లో నెలనెలా డబ్బు కట్టే డీటీహెచ్ ఉంది, ఆ బాక్సే తీసుకుపోతే? వేరే ఊళ్లల్లో అంకెలు ఎంత మారతాయి?

జవాబు: బాక్సు, కార్డు తీసుకుపోతే సిగ్నల్ వస్తుంది, దేశమంతా అదే శాటిలైట్. కానీ కొన్ని కంపెనీలు కనెక్షన్ ఇచ్చిన అడ్రసులోనే వాడాలని రాసుకుంటాయి, మీ ఒప్పందం చదువుకోండి. నన్నడిగితే టూర్లకి ఫ్రీ డిష్ చాలు, 2004 డిసెంబరు నుంచి నడుస్తుంది, నెలకి రూపాయి లేదు, మన సప్తగిరి ఛానెల్ కూడా అందులో వస్తుంది. మీకు కావాల్సిన సీరియల్ అందులో రాకపోతే అది వేరే సమస్య.

టాటా ప్లే అయితే 83 డిగ్రీల్లో ఉంటుంది, తిరుపతి నుంచి దాదాపు దక్షిణానికే, 165 డిగ్రీల దిక్కు, 73 ఎత్తు, ఎల్ఎన్‌బీ తిప్పు కొంచెమే. ఎయిర్‌టెల్ 108.2లో ఉంది కాబట్టి బాగా తూర్పుకి తిరగాలి, దిక్కు 113, ఎత్తు 53, చెట్టు నుంచి ఇంకొంచెం ఎక్కువ దూరం పోవాల్సొస్తుంది. అందుకే ఒక ఊళ్లో ఇళ్ల మీద డిష్‌లు తలా ఒక దిక్కు చూస్తుంటాయి, మీ కంపెనీది ఏదో చూసుకుని దాన్ని చూసి పెట్టుకోండి, కంపాస్ కంటే తొందరగా తెలుస్తుంది.

ఫ్రీ డిష్ అంకెలైతే మీ కుప్పంలో దిక్కు 129, ఎత్తు తిరుపతి మాదిరే 67. అరకులో దిక్కు 149, ఎత్తు 65, ఎల్ఎన్‌బీ తిప్పు 29కి తగ్గుతుంది. కన్యాకుమారి పోతే దిక్కు 116, ఎత్తు 69, తిప్పు 63 దాకా పెరుగుతుంది. చూశారా, ఎత్తు పెద్దగా మారట్లేదు, మారేది దిక్కు, తిప్పు. తిరుపతిలో ఎల్ఎన్‌బీ మీద గీసుకున్న గీతతో అరకులో పెడితే సిగ్నల్ నీరసంగా వస్తుంది, వానకి మొదట పోయేది అలాంటిదే. అందుకని ఎల్ఎన్‌బీ పట్టీని మరీ ఊడనంత బిగించొద్దు.

ప్రశ్న (తిరుచానూరు): పోయిన మార్చిలో పొద్దున పదకొండు గంటలప్పుడు మబ్బు లేదు, వాన లేదు, నాలుగు రోజులు వరసగా అదే టైముకి కాసేపు బొమ్మ పోయింది, తర్వాత దానంతటదే వచ్చింది. స్టాండు కదిలిందా?

జవాబు: స్టాండు కాదమ్మా, సూర్యుడు. ఏడాదికి రెండుసార్లు, మార్చి మధ్యలో ఒకసారి, సెప్టెంబరు చివర్లో ఒకసారి, సూర్యుడు సరిగ్గా శాటిలైట్ వెనక్కి వస్తాడు, ఆయన చేసే గోలలో శాటిలైట్ మాట వినపడదు. ఫ్రీ డిష్‌కి మన దగ్గర అది పదకొండు గంటల ప్రాంతంలో, కొన్ని నిమిషాలు, కొన్ని రోజులు. ఏమీ చేయక్కర్లేదు.

చేస్తే ఒకటి చేయొచ్చు. ఆ రోజుల్లో టూర్‌లో ఉంటే ఆ టైముకి డిష్ పెట్టాలనుకున్న చోట ఎండ పడుతుందా చూడండి. ఎండ పడితే శాటిలైట్‌కి దారి ఖాళీగా ఉన్నట్టు, చెట్టు నీడ పడితే స్టాండు జరపండి. ఎల్ఎన్‌బీ నీడ కూడా చూడండి, డిష్ మధ్యన పడకుండా కింది అంచు దగ్గర పడుతుంటే డిష్ ఎత్తు ఇంచుమించు కుదిరినట్టే.